ముగ్గుపిండితో ఎనిమిది

బండిని వేగంగా పోనివ్వడం ఎవరికైనా వస్తుంది, నెమ్మదిగా నడపడమే విద్య. నలభై ఆరేళ్ల వయసులో స్కూటీ నేర్చుకుంటున్నప్పుడు నాకు మొదట అర్థమైన సంగతి ఇది. వేగం ఉన్నంతసేపూ బండి దానంతటదే నిలబడుతుంది. కాలు కింద పెట్టకుండా, గీత దాటకుండా ఎనిమిది వేయమన్నప్పుడు దాన్ని నిలబెట్టే పని మన నడుముకూ చూపుకూ పడుతుంది. "ముందు చక్రం కేసి చూడకండి మేడమ్, వెళ్లాల్సిన చోటు చూడండి. చూపు ఎటు పోతే బండి అటే" అని మాస్టారు రోజుకు పదిసార్లు అనేవారు.

నేను ఎనిమిది నేర్చుకున్నది మా ఊరి పాత రవాణా కార్యాలయం వెనక మైదానంలో. పొద్దున పూట అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి రాజ్యం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరని బోర్డు మీద ఉన్నా, ఆయన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లను నేను చూడలేదు. సాయంత్రం అయిదు దాటితే ఆ నేల నేర్చుకునేవాళ్లది. పొద్దున గీసిన సున్నపు గీతలు అలాగే ఉండేవి. చింతచెట్టు వైపు మలుపులో నేల కాస్త పల్లమనీ, అక్కడ బండి లోపలికి లాగుతుందనీ అందరికీ తెలుసు. పాసైనవాళ్లు కొత్తవాళ్లకు చెప్పి పోయేవాళ్లు. నాకు చెప్పినావిడ కూరగాయలు అమ్ముకునే మనిషి.

ఆ తర్వాత పరీక్షను అక్కడినుంచి తీసేసి, ఊరికి పదహారు కిలోమీటర్ల అవతల, బైపాస్ దాటాక పెట్టారు. కారణం సబబైనదే. పాత మైదానంలో కారు 'హెచ్' వేయడానికే చోటు చాలేది కాదు, ఇక లారీ సంగతి చెప్పక్కర్లేదు. కొత్తచోట గట్టి ట్రాక్ ఉంది. ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడానికి దిబ్బ ఉంది. ఈ ఏడు కారు లైసెన్సు కోసం అక్కడికే వెళ్లాను. ట్రాక్‌కు వంక పెట్టడానికేమీ లేదు.

చిక్కల్లా అక్కడిదాకా వెళ్లడంలోనే. ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సు, మాత్రమే ఉన్న మనిషి ఒంటరిగా బండి నడపకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లైసెన్సున్న శిక్షకుడు తోడుండాలి, అదీ అవసరమైతే బండిని ఆపగలిగేంత దగ్గరగా. ముందూ వెనకా 18 సెంటీమీటర్ల తెల్లపలక మీద ఎర్రటి 'ఎల్' కనబడాలి. మంచి నిబంధనే. స్కూటీ పరీక్షకు తోడెవరూ దొరక్క, నేను ఇంజను ఆపేసి బండిని ఇంటినుంచి మైదానందాకా తోసుకుంటూ వెళ్లాను. చెమటలు పట్టాయి గానీ చట్టం తప్పలేదు. పదహారు కిలోమీటర్లు ఎవరు తోస్తారు?

అంటే బండి నడపడం వచ్చని చూపించుకోవాలన్నా, ముందు బండి నడిపేవాళ్ల దయ కావాలి. కారుకు మా తమ్ముడు ఓ పూట సెలవు పెట్టి వచ్చాడు. అలాంటి తమ్ముడు లేనివాళ్లు డ్రైవింగ్ స్కూలుకో ఏజెంటుకో డబ్బు కట్టాలి. పరీక్ష ఫీజు పెరగలేదు, పరీక్ష ఖర్చు పెరిగింది.

ఆరోజు బెంచీ మీద నా పక్కన ఓ బట్టలకొట్టు అమ్మాయి కూర్చుంది. "రెండోసారి ఆంటీ. పోయినసారి రెండో మలుపులో కాలు పెట్టేశాను" అంది. ఎక్కడ ప్రాక్టీసు చేశావని అడిగితే నవ్వింది. "మా సందులోనే. అందులో ఎనిమిదెక్కడ పడుతుంది, ఒకటి వేయడమే కష్టం." ఆ ట్రాక్‌ను ఆమె మొదటిసారి చూసింది మొదటి పరీక్ష రోజునే. బండి తెచ్చింది వాళ్లన్నయ్య. ఆరోజు ఇద్దరికీ జీతం కోత. తప్పితే వారం ఆగి మళ్లీ రావాలి. మూడుసార్లు తప్పితే 60 రోజులదాకా రానివ్వరు. ఈలోపు ఎల్‌ఎల్‌ఆర్‌కున్న ఆరు నెలల గడువు కరిగిపోతూ ఉంటుంది. ఆమె మళ్లీ అదే మలుపులో కాలు పెట్టింది.

నిజంగా బండి వచ్చినవాళ్లు ఏ నేల మీదైనా నడపాలి కదా అని మా తమ్ముడు దారంతా వాదించాడు. ఈత వచ్చినవాడు ఏ చెరువులోనైనా ఈదుతాడు, నిజమే. నేర్చుకునేవాడికి మాత్రం ఒక చెరువు కావాలి. దాని మెట్లెన్నో, లోతెక్కడో తెలిసుండాలి. భయం తీరాక గదా వేరే నీళ్లు.

బ్రిటన్‌లో 1935లో డ్రైవింగ్ పరీక్ష మొదలైనప్పుడు పరీక్షా కేంద్రాలంటూ లేవు. ఫలానా పార్కు దగ్గరనో రైల్వే స్టేషను దగ్గరనో ముందే అనుకుని, పరీక్ష పెట్టే అధికారి అభ్యర్థిని అక్కడ కలుసుకునేవాడు. ఇప్పుడు కేంద్రాలున్నాయి గానీ, నడిపించేది వాటి చుట్టుపక్కల మామూలు రోడ్ల మీదనే. ఏ దారుల్లో తిప్పుతారో ప్రకటించడం 2010లో మానేశారు. అయినా నేర్పేవాళ్లు శిష్యులను ఆ చుట్టుపక్కల వీధుల్లో తిప్పుతూనే ఉంటారు. కేంద్రం కదిలితే వాళ్ల పాఠమూ దాని వెంట కదలాల్సిందే. మన దగ్గర పాఠం ఊళ్లోనే ఉండిపోయింది, పరీక్ష ఒక్కటే బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ దూరానికీ ఖర్చుకీ జడిసి పరీక్షకు వెనక్కి తగ్గినవాళ్లు బండి నడపడం మానేస్తారా? మానరు. కొట్టుకు వెళ్లాలి, పిల్లల్ని బడిలో దింపాలి. లైసెన్సు లేకుండా పట్టుబడితే 2019 సవరణ తర్వాత జరిమానా 5,000 రూపాయలు. ఆ భయంతో పోలీసులు లేని సందులు వెతుక్కుంటూ వెళ్లే ఆడవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు.

కారుకూ లారీకీ కొత్త ట్రాక్ ఉండనివ్వండి. ఎనిమిదికి అంత చోటు అక్కర్లేదు. వారానికి ఒక్కరోజు బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు పాత మైదానానికి వస్తే ద్విచక్ర వాహనాల పరీక్ష అక్కడే అయిపోతుంది. అదీ కుదరకపోతే ఆదివారాలు ట్రాక్ గేటు తీసి పెట్టినా కొంత మేలే.

మొన్న ఆదివారం పొద్దున్నే పాలకు వెళ్తూ పాత మైదానం వైపు చూస్తే, చింతచెట్టు పక్కన తెల్లగా ఎనిమిది కనబడింది. సున్నం కాదు, ముగ్గుపిండి. బట్టలకొట్టు అమ్మాయి స్కూటీ దిగి, చెరిగిన చోట మళ్లీ పిండి పోస్తోంది. కొలతలెలా తెలిశాయని అడిగాను.

"తప్పిన రోజు అన్నయ్య బండి తీసుకురావడానికి వెళ్లాడు కదా ఆంటీ, ఆ గ్యాపులో ట్రాక్ మీద అడుగులేసి లెక్కపెట్టుకొచ్చాను."

చెట్టు వైపు మలుపులో నేల పల్లం, అక్కడ బండి లోపలికి లాగుతుంది, జాగ్రత్త అని చెప్పి పాలకు వెళ్లాను.