నేర్పే చెయ్యి, మార్కులేసే చెయ్యి

నైజీరియా సినిమాకి బయటివాళ్లు విలువ కట్టడం పాత సంగతి. ఆ పని ఆఫ్రికాలోనే జరగాలని పూనుకున్నవాళ్లలో ఇద్దరు స్త్రీలు నాకు ముఖ్యం. పీస్ అన్యామ్ ఒసిగ్వే (2023లో చనిపోయారు) 2005లో ఆఫ్రికా మూవీ అకాడెమీ అవార్డులు స్థాపించారు. చియోమా ఉడే 2010లో ఆఫ్రికా అంతర్జాతీయ చలనచిత్రోత్సవం మొదలుపెట్టారు. ఈ ఉత్సవంలో పోటీ, యువతకి శిక్షణ పక్కపక్కనే నడుస్తాయి.

నా పేచీ ఇక్కడే. నేర్పేవాళ్లే తీర్పు కూడా చెబితే, నేర్చుకునే అమ్మాయికి అబ్బేది సినిమానా, న్యాయనిర్ణేతల అభిరుచా? ఒక ఏడాది శిక్షణ ఇచ్చినవాళ్లు ఆ ఏడాది బహుమతులు నిర్ణయించకూడదంటాను.

తీర్పుని దృష్టిలో పెట్టుకుని సలహా ఇస్తే ఏమవుతుందో జెనెవీవ్ నాజీ 'లయన్‌హార్ట్' (2018) తో ఊహించవచ్చు. ఆస్కార్‌కి నైజీరియా పంపిన మొదటి సినిమా అది. ఇంగ్లీషు ఎక్కువైందని 2019లో పోటీ నుంచి తీసేశారు. స్క్రిప్టు దశలోనే ఎవరో పెద్దలు ఇగ్బో సంభాషణలు పెంచమని ఉంటే నిబంధన గట్టెక్కేదేమో. ఆఫీసులో ఇంగ్లీషూ ఇంట్లో ఇగ్బో కలిపి మాట్లాడే అదాయెజె మాత్రం అబద్ధమైపోయేది.

కథలోనూ ఇదే గొడవ. తండ్రి జబ్బుపడి, బస్సుల కంపెనీని అదాయెజెకి కాక తన తోడబుట్టిన గాడ్స్‌విల్‌కి అప్పగిస్తాడు. ఆ పాత్రలో ఎన్కెమ్ ఓవో ఎంత హాయిగా ఉన్నాడో! ఆమెకి పాఠాలు చెప్పడు, పరీక్ష పెట్టడు. ఆమెతో కలిసి అప్పుల కోసం తిరుగుతాడు. చివరికి పదవి ఆమెకే వస్తుంది. కానీ అది తండ్రి చేతులమీదుగానే రావడం నాకు నచ్చలేదు.