‘జాగ్రత్తలు’ రాసే చేతులకు దండం

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ ఆటలో ఎవరో ఓ లిఫ్టు కట్టారనుకోండి. తాకితే పైకి పోవాలి. అందుకు సెట్‌పోస్ అనే ఫంక్షన్ ఉంది. (ఆ ఆటలో స్క్రిప్టులు రాసే లిండెన్ స్క్రిప్టింగ్ భాషలో ఫంక్షన్ పేరుకు ముందు రెండు ‘ఎల్’లు ఉంటాయి; చదవడానికి అడ్డమని వదిలేస్తున్నాను.) అదేం చేస్తుందో ఒక్క ముక్కలో ఎవరైనా రాస్తారు. సెకండ్ లైఫ్ వికీలో దాని పేజీ తెరిచి చూడండి: ఒక్క పిలుపుకు పది మీటర్లే కదులుతుంది, అంతకుమించి అడిగితే కాదనదు, అటువైపు పది మీటర్లు జరిగి ఊరుకుంటుంది, పిలిచినప్పుడల్లా స్క్రిప్టు 0.2 సెకన్లు నిద్రపోతుంది. ఇవన్నీ ‘జాగ్రత్తలు’ విభాగంలో ఉంటాయి. కట్టినది మధ్యలో ఆగిపోతే తిట్టుకుని వదిలేయకుండా, ఎక్కడ ఆగిందో కొలిచి, వచ్చి రాసిపెట్టిన మహానుభావుల పని అది. జీతం లేదు. పేరు పేజీ చరిత్రలో ఏ మూలనో ఉంటుంది.

ఆ అమరిక చూస్తే ముచ్చటేస్తుంది. ఫంక్షన్‌కో పేజీ. ఏ పేజీకి వెళ్లినా అదే వరస: సారాంశం, జాగ్రత్తలు, ఉదాహరణలు, ఇవీ చూడండి. నిద్ర ఎన్ని సెకన్లో సంపాదకుడు మూసకు (టెంప్లేట్‌కు) అంకె ఇస్తే చాలు, వాక్యం మూసే రాసుకుంటుంది. రేపు మాట మార్చాలంటే ఒక్క చోట మారిస్తే అన్ని పేజీల్లోనూ మారుతుంది. ఇక ‘ఇవీ చూడండి’ సంగతి. మాట పలికించే ఫంక్షన్లు మూడు: విస్పర్ 10 మీటర్లు, సే 20, షౌట్ 100 మీటర్లు వినిపిస్తాయి. వాటి పేజీలు ఒకదానికొకటి లింకు ఇచ్చుకుంటాయి. ఏదో ఒక పేరు పట్టుకుని వచ్చిన కొత్తవాడు తనకు నిజంగా కావలసినదాన్ని పట్టుకుని వెళ్తాడు. ఈ లింకులు యంత్రం పెట్టినవి కావు. వచ్చేవాడి అవసరం ఊహించగలిగిన మనిషి పెట్టినవి.

వాళ్ల ఘనకార్యాలు చెప్పమంటారా? ఈ భాష ఒక వ్యక్తీకరణను కుడి నుంచి ఎడమకు లెక్కిస్తుంది. మిగతా భాషలు తెలిసినవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. పాతకాలంలో స్క్రిప్టుకు దొరికేది 16 కేబీ జ్ఞాపకం. జాబితాకు ఒక అంశం కలిపితే పాతదీ కొత్తదీ రెండూ కలిసి చోటు మింగేసేవి. అప్పుడు మనవాళ్లు (నాకు వాళ్లు మనవాళ్లే) ఆ కుడి-ఎడమ వింతనే ఆయుధం చేసుకున్నారు. జాబితాను ముందు చదివించి, అదే వాక్యంలో ఖాళీ చేయించి, తర్వాత కలిపించారు. 2008లో స్క్రిప్టులు నడిపే మోనో అనే కొత్త ఇంజిన్ వచ్చి 64 కేబీ ఇచ్చాక ఆ కిటుకు అవసరం తీరింది. వార్ప్‌పోస్ అనే కిటుకు కూడా అంతే. ఒకే పిలుపులో స్థానపు ఆదేశాన్ని పదేపదే పేర్చి పది మీటర్ల కంచెను దాటించారు. ఆట నడిపే కంపెనీ ఆ కంచె లేని సెట్‌రీజియన్‌పోస్ ఫంక్షన్‌ను ఇచ్చింది ఆ తర్వాతే!

చరిత్రదేముంది, ఆట 2003 నాటిది. మొదట వాడుకరులు సొంతంగా వికీ నడుపుకున్నారు, కంపెనీ వికీ తర్వాత వచ్చింది. నా కడుపుమంట వేరు. ఇప్పుడు ఎవర్నడిగినా ‘డిస్కార్డ్‌లో అడుగు’ అంటారు. అక్కడ అద్భుతమైన జవాబు పడుతుంది, సాయంత్రానికి కబుర్ల కింద పూడిపోతుంది, వారం తర్వాత ఇంకొకడు అదే ప్రశ్న అడుగుతాడు. ఏఐని అడిగితే మరీ ఘోరం: ఈ భాషలో స్విచ్ లేదు, బ్రేక్ లేదు, టెర్నరీ లేదు, అవన్నీ దర్జాగా వాడి కోడ్ రాసిచ్చేస్తుంది. కంపైల్ కాకపోతే అదృష్టం. కంపైలై, పది మీటర్ల దగ్గర నోరుమూసుకుని ఆగిపోయే కోడ్‌ను ఏం చేస్తాం? ఇక ఎవరి చాకిరీనో ప్రకటనల మధ్య ఇరికించి అమ్ముకునే సైట్లు! మైన్‌క్రాఫ్ట్ వికీ రాసేవాళ్లు 2023లో ఫ్యాండమ్ అనే అలాంటి సైటును వదిలి సొంత చోటికి వెళ్లిపోయారు. పాత ప్రతి అక్కడే ఉండిపోయింది. నా ఓటు మాత్రం వెళ్లినవాళ్లకే.

తెలుగు వికీపీడియాలో మూసలు, వర్గాలు, దారిమార్పులు సరిచేసిన చేతులు మనలో ఎన్నో ఉన్నాయి. సెకండ్ లైఫ్ వికీని నడిపేదీ అదే మీడియావికీ సాఫ్ట్‌వేర్. ఆ చేతులకు కొత్తగా నేర్చుకోవలసింది తక్కువే. మీరు ఏ ఆటకు స్క్రిప్టు రాస్తున్నా సరే, ఈసారి డిస్కార్డ్‌లో ఎవరికైనా మంచి జవాబిస్తే, దాన్ని అక్కడే వదిలేయకండి బాబూ! ఆ ఫంక్షన్ పేజీకి వెళ్లి ‘జాగ్రత్తలు’లో రెండు లైన్లు చేర్చండి, కింద పరీక్షించిన ఉదాహరణ ఒకటి పెట్టండి.