ఒప్పించు నేర్పుపై విద్యార్థి వ్యాసములు: మూల్యనిర్ణయ విచారము

ఒక గ్రంథమునందలి వక్త తన శ్రోతను ఒప్పించుటకు ఎట్లు యత్నించెనో నిరూపింపుమని స్నాతకోత్తర విద్యార్థులను అడుగుట కలదు. అట్టి ప్రశ్నకు ఉద్యోగపర్వమునందలి శ్రీకృష్ణ రాయబారమునకు మించిన వస్తువు మన సాహిత్యమున అరుదు. కాని సమాధానములకు విలువ కట్టునపుడు పరీక్షకుడు దేనిని కొలుచుచున్నాడు? విద్యార్థి పాండిత్యమునా, అభిప్రాయమునా, విశ్లేషణమునా? ఈ మూడింటిని కలిపివేయుటవలన కలుగు అన్యాయమును చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

మొదట పాఠవిషయము. రాయబారమనగానే తెలుగువారి చెవులలో మ్రోగునవి తిరుపతి వేంకటకవుల నాటకపద్యములు. విద్యార్థి వానిని తిక్కన పద్యములుగా ఉదాహరించుట తరచుగా కనబడు దోషము. దీనిని జ్ఞాపకలోపమని రెండు గుణములు తగ్గించి విడిచిపెట్టరాదు. నాటకపద్యము టికెట్టు కొని వచ్చిన ప్రేక్షకుని హృదయమును కోరును. పర్వమునందలి ప్రసంగము ధృతరాష్ట్రుని సంబోధించి, భీష్మద్రోణాదులును నానాదేశరాజులును వినుచుండగా సాగును. శ్రోత మారినపుడు ఒప్పించు విధము కూడ మారును. కావున పాఠము తప్పిన వ్యాసమున విశ్లేషణము మొదటనే దారి తప్పినదని గ్రహింపవలెను.

రెండవది పరిభాషావిషయము. కొన్ని సంవత్సరముల క్రిందట నేను దిద్దిన వ్యాసములలో ఒకటి మిక్కిలి శోభాయమానముగా ఉండెను. అరిస్టాటిల్ చెప్పిన వక్తృశీలము, శ్రోతృభావము, యుక్తి అను మూడును అందు కలవు. సామదానభేదదండములు కలవు. మమ్మటుడు కావ్యప్రకాశమునందును, విద్యానాథుడు ప్రతాపరుద్రీయమునందును పేర్కొన్న ప్రభు, సుహృత్, కాంతా సమ్మితములును కలవు. నేను అధికగుణములు వేసితిని. పిదప మరల చదువుచు ఒక పరీక్ష చేసి చూచితిని. వ్యాసమున కృష్ణుని పేరు తీసి సంజయుని పేరు ఉంచితిని. ఒక్క వాక్యమైనను అబద్ధము కాలేదు. ధృతరాష్ట్రుడు పంపగా పాండవులకడకు వచ్చి యుద్ధము వలదన్న సంజయునికిని, పాండవులు పంపగా కౌరవసభకు వచ్చిన కృష్ణునికిని సమానముగా చెల్లు వాక్యము ఇరువురిలో ఎవ్వరిని గూర్చియు ఏమియు చెప్పలేదన్నమాట. ఉపాయముల పేర్లు చెప్పుట విశ్లేషణము కాదు. ఆ ఉపాయము ఆ చోటనే ఏల అవసరమయ్యెనో, అది లేకున్న ప్రసంగమునకు ఏమి కొరతయో చెప్పినపుడే విశ్లేషణము ఆరంభమగును.

మూడవది అభిప్రాయవిషయము, ఇందు నా దోషము పెద్దది. మరియొక విద్యార్థి, రాయబారము సంధికొఱకు కాదనియు, యుద్ధమునకు లోకసమ్మతిని కూర్చుటకనియు వ్రాసెను. భాష ముతకగా ఉండెను, పరిభాష లేదు. శ్రీకృష్ణుని సంధియత్నమును శంకించుట నాకు రుచింపలేదు. తక్కువ గుణములు వేసితిని. కాని అతడు చూపిన ఆధారములను తరువాత కథాక్రమమున పరిశీలించితిని. బయలుదేరుటకు ముందే దుర్యోధనుని మనస్సు తనకు తెలియునని కృష్ణుడు ధర్మరాజుతో చెప్పును. విదురుని యింట, సమర్థుడై యుండియు కౌరవులను వారింపలేదన్న నింద రాకుండుటకై వచ్చితినని చెప్పును. మెత్తబడి మాటాడిన భీముని రెచ్చగొట్టును. వెండ్రుకలు చూపి విలపించిన ద్రౌపదికి శత్రునాశమును మాట యిచ్చును. ఇన్ని ఆధారములతో నిలిచిన వాదమును నా అభిరుచి త్రోసిపుచ్చినది.

అయినను ఆ వ్యాసము నిర్దుష్టము కాదు. సభ ముగిసిన పిదప కృష్ణుడు కర్ణుని రథమెక్కించుకొని అతని జన్మరహస్యమును తెలిపి, రాజ్యమునే ఆశచూపెను. యుద్ధమే కోరినవాడు, కర్ణుడు విడిచిన దుర్యోధనుడు యుద్ధమునకు దిగజాలడని తెలిసియు, ఇట్టి యత్నము ఏల చేయును? విద్యార్థి ఈ ఘట్టమును స్పృశింపలేదు. తగ్గింపవలసిన గుణములు ఇచ్చట తగ్గింపవలెను. తన వాదమునకు ఎదురు వచ్చు సాక్ష్యమును ఎదుర్కొనకపోవుట దోషము. పరీక్షకునితో విభేదించుట దోషము కాదు.

ఇక ఫలితమును బట్టి ప్రసంగమునకు విలువ కట్టు పొరపాటు ఒకటి కలదు. దుర్యోధనుడు ఒప్పుకొనలేదు కనుక రాయబారము విఫలమని పెక్కురు తేల్చివేయుదురు. దీనికి మన పొరుగు చరిత్రలోనే ప్రతినిదర్శనమున్నది. 1917లో అక్బర్ హైదరీ నిజాముకు ఉర్దూ మాధ్యమ విశ్వవిద్యాలయమును గూర్చి విజ్ఞాపనపత్రము సమర్పించెను. ఆ సంవత్సరముననే ఫర్మానా వెలువడెను. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఏర్పడెను. నేడు లాలాపేట, తార్నాకల నుండి నడచి తరగతులకు వచ్చు విద్యార్థి ఆ పత్రముయొక్క ఫలమునందే చదువుకొనుచున్నాడు. కాని ఫర్మానా వచ్చినదన్న మాత్రమున అందలి ఏ యుక్తి పనిచేసెనో తెలియదు. అది పత్రమును చదివియే నిరూపింపవలెను. అట్లే దుర్యోధనుని తిరస్కారమువలన కృష్ణుని యుక్తి దుర్బలమని తేలదు. అచ్చట శ్రోతలు ముగ్గురు: కదలని దుర్యోధనుడు, కదలియు నిలుపలేని ధృతరాష్ట్రుడు, చూచుచున్న రాజలోకము. ఈ మువ్వురిని వేరుచేసి చూపిన వ్యాసము, పరిభాష ఒక్కటియు లేకున్నను, ఉత్తమశ్రేణికి అర్హమని నా నమ్మకము.

కావున పరీక్షకుడు వరుసగా అడుగవలసినవి ఇవి: పాఠము సరియైనదా? శ్రోత ఎవరో గుర్తింపబడెనా? వక్త పేరు మార్చినను నిలుచు వాక్యములెన్ని? ఎదురుసాక్ష్యమునకు సమాధానము కలదా? నిర్ణయము తనకు ఇష్టమా కాదా అన్న ప్రశ్నకు ఈ వరుసలో చోటు లేదు.

కడపట ఒక మాట. మనము అంచున వ్రాయు వ్యాఖ్యయు ఒప్పించు యత్నమే. అంకె ప్రభుసమ్మితము, అది ఆజ్ఞాపించును, కారణము చెప్పదు. దాని ప్రక్కన రెండు వాక్యములు సుహృత్సమ్మితముగా వ్రాసినగాని విద్యార్థి తన వాదమును సవరించుకొనడు. ఆ రెండవ విద్యార్థికి నేను ఆనాడు అంకె మాత్రమే వేసితిని. అతడు రథముపైని కర్ణుని గూర్చి ఏమి చెప్పియుండెడివాడో తెలిసికొను అవకాశము నాకు లేకపోయెను.