ముల్లు దొరికిందా?

రెండు వందల కిలోమీటర్లు సైకిల్ తొక్కుతానని పేరిచ్చిన రోజు నుంచీ ఇంట్లో అందరి బెంగా నా మోకాళ్ల మీదే. నాదీ అదే. ఈ సవారీని బ్రెవే అంటారు. పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ అనే సైకిల్ క్లబ్బు వాళ్ల నియమాలే హైదరాబాదులోనూ. పదమూడున్నర గంటల్లో ముగించాలి. టీలూ, టిఫిన్లూ, పంక్చర్లూ అన్నీ అందులోనే. లెక్కేస్తే గంటకు 15 కిలోమీటర్లు కూడా పడదు. పందెం కాదు గనక ఫస్టూ లాస్టూ లేవు. కానీ దారిలో సాయానికి కారు వెంట రాకూడదు. ఎవరి బండి వాళ్లే చూసుకోవాలి.

ఆ సంగతి నాకు బీబీనగర్ దాటాక అర్థమైంది. అలవాటు కోసమని ఓ ఆదివారం వరంగల్ రోడ్డెక్కితే వెనక చక్రం గాలి పోయింది. వీడియోలు చూసినవాణ్ని కదా, కిందామీదా పడి ట్యూబు మార్చేశాను. రెండు కిలోమీటర్లు పోలేదు, మళ్లీ పోయింది. స్పేర్ ట్యూబు ఒక్కటే తెచ్చుకున్నాను. సైకిల్‌ని ఆటోలో పడేసుకుని ఇంటికొచ్చాను.

మా వీధి చివర పంక్చర్ షాపాయన టైరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ముల్లు తియ్యకుంట ట్యూబు మారిస్తే ఏం ఫాయిదా సార్?" అన్నాడు. టైరు లోపల మెల్లగా వేళ్లు పోనిమ్మన్నాడు. రెండో చుట్టులో చూపుడువేలికి చురుక్కుమంది. తుమ్మముల్లు మొన, బియ్యపు గింజలో సగం కూడా లేదు. పైనుంచి చూస్తే ఏమీ లేదు.

అప్పట్నుంచీ రాత్రి భోజనాలయ్యాక వరండాలో ఇదే పని. ట్యూబును బకెట్లో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూడ్డం, గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూయడం. పూశాక అది ఆరేదాకా ప్యాచ్ వేయకూడదు. ఆ నాలుగు నిమిషాలు ఆగడం నాకు నలభై కిలోమీటర్లు తొక్కడంకన్నా కష్టం.

మిగతావి తేలిగ్గానే కుదిరాయి. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ ఆనిస్తే కాలు చాపుగా ఉండాలి, సీటు ఎత్తు అంతే. (మెత్త కుట్టిన సైకిల్ నిక్కరు లోపల ఇంకేమీ వేసుకోకూడదని ఆలస్యంగా తెలిసింది. వివరాలు అడక్కండి.) ఆకలేసేదాకా ఆగకుండా గంటకోసారి అరటిపండో పల్లీపట్టీయో.

వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరాలి. నిన్న రాత్రి వెనక చక్రం విప్పి, టైరు లోపలంతా తడిమి, ట్యూబు మార్చి బిగించడానికి 14 నిమిషాలు పట్టింది.