తిరిగితేనే తేలే పనితనం

ఏటికొప్పాక లక్కబొమ్మల మీద రాసేవాళ్లు చాలామంది రంగుల దగ్గరే ఆగిపోతారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజును 2023లో పద్మశ్రీ వరించింది. రెండూ దక్కాల్సినవే. కానీ లేత్ మీద చెయ్యి తిరిగిందో లేదో రంగు చెప్పదు. కుంకుమభరిణె వెంట్రుకవాసి ఒరిగినా దేవుడి గూట్లో దర్జాగా కూర్చుంటుంది. బొంగరానికీ యోయోకీ ఆ వెసులుబాటు లేదు. వదిలిన మరుక్షణమే లోపం బయటపడుతుంది. అందుకే లక్కపనికి అసలు పరీక్ష ఇవేనంటాను.

ఆ పరీక్ష ఉలి పట్టకముందే మొదలవుతుంది. అంకుడు కర్ర తెల్లగా, మెత్తగా ఉలికి లొంగుతుంది కానీ బాగా ఆరాలి. ఏ చెక్కయినా ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంబడి తగ్గేది, నడిమి నుంచి అంచువైపు తగ్గే దానికి దాదాపు రెట్టింపు. పచ్చికర్రలో గుండ్రంగా తీసిన బిళ్ల ఆరాక కోలగా మారుతుంది. బొమ్మ తలకాయకైతే ఫరవాలేదు, యోయో మాత్రం దారం మీద వణుకుతూ దిగుతుంది. రెండు బిళ్లలూ సరితూగాలి. బరువు అంచున ఉంచి లోపల కాస్త గుల్ల చేస్తే ఎక్కువసేపు తిరుగుతుంది. నడుమ గాడి మరీ వెడల్పయితే దారానికి పట్టు చిక్కదు, యోయో చేతికి తిరిగి రాదు. మరీ ఇరుకైతే చిక్కుపడుతుంది. చివర్న, తిరుగుతున్న చెక్కకు రంగు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తితే సమంగా పరుచుకుని మెరుపెక్కుతుంది. మోటారు వచ్చాక ఇక చేతిపని ఏముందని అడిగేవాళ్లున్నారు. మోటారు తిప్పుతుందంతే, ఎక్కడ ఆగాలో ఉలి పట్టిన చేతికే తెలియాలి.

యోయో మనది కాదు కదా అనే అభ్యంతరం ఒకటుంది. నిజమే, ఇలాంటి ఆటబిళ్ల ప్రాచీన గ్రీకు పాత్రల బొమ్మల్లో కనిపిస్తుంది. ఫిలిప్పీన్స్ నుంచి వెళ్లిన పెడ్రో ఫ్లోరెస్ 1928లో కాలిఫోర్నియాలో వీటి తయారీ మొదలుపెట్టాడు. దారాన్ని ఇరుసుకు ముడివేయకుండా ఉచ్చులా తగిలించడంతో యోయో కింద నిలిచి తిరగగలుగుతుంది. కానీ బొంగరం తీయగల లేత్‌కు యోయో పరాయిది కాదు. దాని దారమూ పేనిన నూలే. చుట్టూ పత్తి చేలున్న మన ఊళ్లకు అందులో పరాయితనం ఏముంది?

ప్లాస్టిక్‌ది చవక, ఒకదానికొకటి తేడా ఉండదు అన్నది ఇంకా గట్టి వాదన. ఒప్పుకోవాల్సిందే. బేరింగులు బిగించిన లోహపు యోయోల ముందు పోటీల్లో కర్రది నిలవదు, నిలవాలని కోరడమూ దండగ. అయితే ప్లాస్టిక్ అచ్చు ఎవరికీ పని నేర్పదు. సరిగ్గా తిరిగే యోయో తీసిన కుర్రాడికి మిగతా బొమ్మలన్నీ తేలికవుతాయి. నేర్పే కేంద్రాలు పాఠం ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

కర్ర కొరతే అసలు చిక్కు. అంకుడు నరికిన మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది కాబట్టి గట్ల మీద పెంచుకోవచ్చు. పైగా పెద్ద బొమ్మకు చాలని సన్న కొమ్మ కూడా యోయోకు సరిపోతుంది. కాకపోతే దాన్ని ఏకముక్కగా తీయకూడదు, ఇరుసు పడాల్సిన చోట బెండు ఉంటుంది. ఆ బెండు తొలిచి, గట్టి చేవ కర్ర పుల్లను ఇరుసుగా బిగించి, రెండు బిళ్లలనూ దానికి ఎక్కించాలి.