దొరాసు పాదాల పనితనం

వికాష్ దొరాసు పేరు మన పత్రికల్లో వచ్చినప్పుడల్లా ఒకటే మాట: ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో ఆడిన తొలి భారత సంతతి ఆటగాడు, పైగా మన తెలుగువాడు. చప్పట్లు కొట్టి పేజీ తిప్పేస్తాం. ఆ మనిషి బంతితో ఏం చేసేవాడు, ఫ్రాన్స్, ఇటలీల్లోని పెద్ద క్లబ్బులు అతన్ని ఎందుకు రమ్మన్నాయి అని అడిగేవాడు కనిపించడు. వంశవృక్షం గీసుకుని పాదాల సంగతి వదిలేశాం. నాకు మంట అక్కడే.

వంశం ముచ్చట రెండు మాటల్లో తేల్చేద్దాం. చెరకు తోటల కూలికని మారిషస్ ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి. విజయనగరం వైపు వాళ్లని చెబుతారు. ఆ కుటుంబం తర్వాత ఫ్రాన్స్ చేరింది. 1973 అక్టోబరు 10న నార్మండీలో, లె ఆవ్ర్ రేవు పక్కనున్న ఆర్ఫ్లర్‌లో ఇతను పుట్టాడు. తరాల కిందట ఊరు దాటొచ్చి, ఇప్పటికీ గడప లోపల తెలుగు మాట్లాడుకునే మా తమిళనాడు వత్రాప్ వాళ్లకు వలస గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆట దగ్గరికి వద్దాం.

మిడ్‌ఫీల్డర్ పని కష్టం చూసేవాళ్లకు తెలియదు. ఫార్వర్డ్‌కి గోలు ఎదురుగా ఉంటుంది, డిఫెండర్‌కి ఆట మొత్తం కళ్ల ముందే నడుస్తుంది. మధ్యలో ఉన్నవాడికి మాత్రం నాలుగు దిక్కుల నుంచీ మనుషులు మీద పడతారు. అందుకే బంతి రాకముందే తల తిప్పి భుజం మీదుగా చూసుకోవాలి. బంతి వచ్చాక చూసేవాడి కాళ్ల దగ్గర నుంచి అది అప్పటికే పోయి ఉంటుంది. బంతి వచ్చే వైపుకి పూర్తిగా ఎదురు నిలబడకూడదు. నడుము సగం తిప్పి ఉంచి, దగ్గరి కాలిని దాటనిచ్చి, దూరపు కాలి లోపలి అంచుతో తాకాలి. అప్పుడు బంతి చచ్చుబడి ఆగిపోదు, వెళ్లాల్సిన దారికి తిరుగుతుంది. ఆ ఒక్క తాకుడుతో వెనక నుంచి వచ్చేవాడు పక్కకు కొట్టుకుపోతాడు. ఇక పాస్ ఎంత జోరుగా వెళ్లాలో, సహచరుడి ఏ కాలికి అందాలో కూడా లెక్కే. మంచి మిడ్‌ఫీల్డర్ పెళ్లి పంక్తిలో చేయి తిరిగిన వడ్డనవాడి లాంటివాడు: ఎవరి ఆకులో ఏది అయిపోయిందో అడక్కుండానే తెలుసు.

దొరాసు ఎత్తు ఐదున్నర అడుగులు. ఆ ఎత్తుతో గాలిలో బంతికి ఎగరలేడు, భుజంతో భుజం ఢీకొట్టలేడు. నేలకు దగ్గరగా ఉండే ఒళ్లు మాత్రం చిటుక్కున మలుపు తీసుకుంటుంది. ఇద్దరి మధ్య సందులో బంతిని రెండు చిన్న తాకుళ్లతో జార్చి, మూడో అడుగుకల్లా తల ఎత్తి పాస్ వదిలేవాడు. పాత ఆటల దృశ్యాలు దొరికితే బంతిని కాదు, బంతి రావడానికి ముందు అతని తలను చూడండి.

1993లో లె ఆవ్ర్ పెద్ద జట్టులోకి వచ్చాడు. 1998లో లియోన్ తీసుకుంది. మధ్యలో ఒక సీజన్ బోర్డోకి అరువు వెళ్లి 2002లో లీగ్ కప్ గెలిచాడు. లియోన్‌కి తిరిగొచ్చి 2003, 2004 లీగ్ టైటిళ్లలో భాగమయ్యాడు. ఆ తర్వాత ఏసీ మిలాన్! పిర్లో, సీడోర్ఫ్, కాకా, రుయి కోస్తా ఉన్న మిడ్‌ఫీల్డ్‌లో చోటు దొరక్కపోవడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు. 2005 మేలో ఇస్తాంబుల్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి బెంచీ మీద కూర్చుని, తన జట్టు మూడు గోల్స్ ఆధిక్యం కరిగిపోవడం కళ్లారా చూశాడు.

తర్వాత చేరిన పారిస్ సేంట్ జెర్మేన్ తరఫున అతని మేటి గోలు పడింది. 2006 ఏప్రిల్ 29న ఫ్రెంచ్ కప్ ఫైనల్, ఎదురు బద్ధశత్రువు మార్సెయ్. రెండో సగం మొదలైన కాసేపటికే పెనాల్టీ పెట్టెకు బాగా బయట నుంచి కొట్టాడు, వలలో పడింది. పారిస్ 2-1తో గెలిచింది. కండలేనివాడు దూరం నుంచి కొట్టలేడన్న వాళ్లకి అదే జవాబు.

అదే వేసవిలో జర్మనీలో ప్రపంచ కప్. ఫ్రాన్స్ కోచ్ డొమెనెక్ అతన్ని స్విట్జర్లాండ్ మీదా, దక్షిణ కొరియా మీదా ఆఖరి నిమిషాల్లో దింపాడు, అంతే. ఆ రెండు మ్యాచ్‌లూ డ్రా. మెకెలెలె, వియెరా, జిదాన్ ఉన్నారు కదా అంటారు. ఉన్నారు, కాదనను. గెలుపు అందక జట్టు గిలగిల్లాడిన ఆ రెండు సాయంత్రాలూ ఇంకో అరగంట ముందు దింపితే ఏం పోయేది? నేను దొరాసు పక్షం, దాచుకోను. బెంచీ మీది ఆ నెలను అతను సూపర్ 8 కెమెరాతో చిత్రించుకున్నాడు. ఫ్రెడ్ పూలే అనే మిత్రుడితో కలిసి చేసిన ఆ సినిమా ‘సబ్‌స్టిట్యూట్’ పేరుతో 2007లో వచ్చింది. ఫైనల్ దాకా వెళ్లిన జట్టులో ఉండీ దాదాపు ఆడని మనిషి ఒంటరితనం అందులో ఉంది. తమ కోచ్ మీద బాహాటంగా మాట్లాడాడని 2006 అక్టోబరులో పారిస్ క్లబ్బు కొలువు తీసేసింది. తర్వాత లివోర్నో చేరినా అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడలేదు.

ఇలాంటి ఆట మనకు కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం సిటీ పోలీస్ జట్టుకి నేర్పింది ఈ చిన్న పాసుల విద్యే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు ఊరికే రాలేదు. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారం తెచ్చిన జట్టూ ఆయనదే. ఇక కలకత్తా మూడు పెద్ద క్లబ్బులనూ చుట్టేసిన హైదరాబాదీ హబీబ్, 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోలు కొట్టాడు.

ఇప్పుడేం మిగిలింది? ఫోన్‌లో ముప్ఫై సెకన్ల విన్యాసాలు. బంతిని మెడ మీద నిలబెట్టేవాడు మొనగాడు, దాన్ని పది గజాల అవతల సరైన కాలికి అందించేవాడు అనామకుడు. రంగురంగుల జెర్సీలు తొడిగి, శంకువుల చుట్టూ పిల్లల్ని పరిగెత్తించి నెలనెలా డబ్బు గుంజే శిక్షణ శిబిరాలు చూస్తే ఒళ్లు మండుతుంది. తల ఎత్తి చూడమని ఒక్కరైనా చెబుతున్నారా? ఎంపికలో ముందు ఎత్తు కొలుస్తారు. ఆ లెక్కన దొరాసుని గేటు దగ్గరే పంపేసేవాళ్లు.

మా వైపున్న కోవిల్‌పట్టి హాకీ ఊరు, ఆ పేరు కష్టపడి సంపాదించుకుంది. అక్కడి పెద్దలు కర్ర పట్టుకోవడం పిల్లలకు చేయి పట్టి నేర్పారు. మన విరుదునగర్ వైపు బడుల్లో ఫుట్‌బాల్‌కి ఆ మాత్రం చేయలేమా? డ్రిబుల్ నిషేధించిన పోటీలు, వాటం లేని కాలితోనే ఆడే పోటీలు రహీం పెట్టేవాడని చెబుతారు. దానికి కావాల్సింది ఒక బంతి, ఒక విజిల్, తిట్టే ఓపిక. వత్రాప్‌లో ఏ బడి పంతులుగారైనా ఈ వేసవిలో కుడివాటం పిల్లలకు ఎడమకాలి పోటీ పెడతానంటే, కప్పు ఖర్చు నాది.