ట్యాంకు పెద్దదైతే దారి దగ్గరవుతుందా?

ఎడ్లబండి మీద దూరప్రయాణాలు సాగిన రోజుల్లో రైతు బండి అడుగున గోనెపట్టా వేలాడగట్టి అందులో ఎండుగడ్డి పెట్టుకొనేవాడు. ఆ గడ్డిని లాగేవీ ఎడ్లే, తినేవీ ఎడ్లే. దారిలో ఏ ఊళ్లో మేత దొరుకుతుందో తెలిసినవాడు అవసరానికి మించి గడ్డి వేసుకొనేవాడు కాడు. గడ్డి పెరిగితే ధాన్యం బస్తా తగ్గించుకోవలసి వస్తుందని అతనికి ఒకరు చెప్పనక్కరలేదు. మోటారుబండి వచ్చాక ఎద్దు స్థానంలో ఇంజను, గడ్డి స్థానంలో డీసెలు చేరినవి. ఆ పాత లెక్క మాత్రం మరుగున పడినట్లు కనిపిస్తుంది. అందుకు మంచి ఉదాహరణ ఆస్ట్రేలియాలో దొరుకుతుంది.

ఆ దేశంలో నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే పెద్ద బండికి వెనక కారవాన్, అనగా చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించుకొని కుటుంబాలు వేల కిలోమీటర్లు తిరుగుతాయి. ఇట్టి ప్రయాణానికి బయలుదేరేవారిలో చాలామంది బండికి అదనపు ఇంధన ట్యాంకు బిగించుకుంటారు. ఎక్కువగా వాడే బండ్లలో ఒకటైన టయోటా లాండ్‌క్రూయిజర్‌ను తీసుకుందాం. దాని 200 శ్రేణి డీసెలు బండిలో రెండు ట్యాంకులు కలిపి 138 లీటర్లు పట్టేవి. 2021లో వచ్చిన 300 శ్రేణిలో 80 లీటర్ల ప్రధాన ట్యాంకు, 30 లీటర్ల ఉపట్యాంకు కలిపి 110 లీటర్లే. ఈ ఉపట్యాంకును తీసివేసి, ఆ చోటనే 150 లీటర్లది బిగించారనుకుందాం. మొత్తం 230 లీటర్లవుతుంది. బరువైన కారవాన్‌ను లాగేటప్పుడు 100 కిలోమీటర్లకు 20 లీటర్లు ఖర్చయితే, 550 కిలోమీటర్లు పోయే బండి 1150 కిలోమీటర్లు పోతుంది. భాగహారం వచ్చిన ఏ విద్యార్థికైనా ఈ వాదం తిరుగులేనిదిగా తోస్తుంది.

దీని వెనక ఉన్న భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. 1963 డిసెంబరులో, మండువేసవిలో (అక్కడ వేసవి అప్పుడే), బర్డ్స్‌విల్ బాట మీద బయలుదేరిన ఒక కుటుంబం బాట తప్పింది. కారులో పెట్రోలు అయిపోయింది. కారు వదిలి నడిచిన ఆ ఐదుగురూ నీరు లేక మరణించారు. ఆస్ట్రేలియా ఎడారి ప్రయాణాల గురించి మాట్లాడేవారు ఈ ఘటనను ఇప్పటికీ తలచుకుంటారు. పెట్రోలు ఇంకొంత ఉంటే వారు బ్రతికేవారేమో అని ఎవరికైనా అనిపించక మానదు. ఐతే వారి ప్రాణం తీసింది దాహమన్నది గుర్తుంచుకోవలసిన విషయం. దాని సంగతి మళ్లీ వస్తుంది.

పై భాగహారంలో లోపం ఎక్కడున్నదో చూడటానికి గణితంలోని ఒక ప్రసిద్ధమైన సమస్య పనికివస్తుంది. 1947లో ఎన్. జె. ఫైన్ అనే గణితజ్ఞుడు అమెరికన్ మేథమేటికల్ మంత్లీ పత్రికలో 'జీపు సమస్య'ను చర్చించాడు. ఒక జీపు ఒక ట్యాంకు ఇంధనాన్ని మాత్రమే మోయగలదు. ఎడారి అంచున ఇంధనం కావలసినంత ఉన్నది. జీపు కొంత దూరం పోయి, కొంత ఇంధనాన్ని అక్కడ నిలవపెట్టి, వెనక్కు వచ్చి మళ్లీ నింపుకొని పోవచ్చు. ఇట్లా ఎంత దూరం దాటగలదు? ఒక ట్యాంకుతో పోయే దూరాన్ని 1 అనుకుంటే, మూడు ట్యాంకుల ఇంధనం వాడి దాటగల దూరం 1 + 1/3 + 1/5, అనగా 1.53. రెండింతల దూరం దాటాలంటే ఎనిమిది ట్యాంకుల ఇంధనం కావాలి. ఈ శ్రేణికి అవధి లేదు గనుక సిద్ధాంతరీత్యా ఎంత ఎడారినైనా దాటవచ్చును. కాని దూరం కొద్దిగా పెరిగేసరికి ఖర్చు విపరీతంగా పెరిగిపోతుంది. ఉన్నత తరగతుల విద్యార్థులు ఎనిమిది పదాలు కూడి చూస్తే 2.02 వస్తుంది.

ఇది అందమైన సమస్యే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కానింగ్ పశువుల బాట మీద దీనికి నిజరూపం కూడా ఉన్నది. సుమారు 1850 కిలోమీటర్ల ఆ బాటను దాటేవారి కోసం 23వ నంబరు బావి దగ్గర ముందుగా ఇంధనపు పీపాలను దించి ఉంచే ఏర్పాటు ఉండేది. ఈ సమస్యను చదివినవారికి, ఇంత శ్రమ ఎందుకు, ట్యాంకునే పెద్దది చేస్తే పోదా అనిపించడం సహజం. కాని సమస్యలో ఇంధనానికి పరిమాణం ఉన్నది గాని బరువు లేదు. జీపు ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా దాని ఇరుసులకు తేడా తెలియదు. గణితానికి ఆ స్వేచ్ఛ ఉన్నది. బండి బిగించేవాడికి లేదు. అదనపు ట్యాంకును సమర్థించేవారు చేసే భాగహారంలో కూడా సరిగ్గా ఇదే లోపం ఉన్నది.

లీటరు డీసెలు సుమారు 0.84 కిలో తూగుతుంది. అదనంగా నింపే 120 లీటర్లు దాదాపు 100 కిలోలు. పెద్ద ఉక్కు ట్యాంకు, దాని పట్టీలు, పంపు అన్నీ కలిసి పాత దానికన్నా 25 కిలోలు ఎక్కువనుకుంటే మొత్తం 125 కిలోలు. మూడు టన్నుల బండికి ఇదొక బరువా అని అడగవచ్చు. ఇక్కడ చూడవలసింది బండి బరువును కాదు, బండికి మిగిలిన మోతసామర్థ్యాన్ని. 300 శ్రేణి బండి అన్నిటితో కలిసి తూగదగిన గరిష్ఠ బరువు 3280 కిలోలు. అందులోంచి బండి సొంత బరువును, దాని మామూలు ట్యాంకుల ఇంధనాన్ని తీసివేస్తే రకాన్నిబట్టి ఇంచుమించు 700 కిలోలు మిగులుతుంది. నలుగురు మనుషులకు 300 పోతే 400. బండి లాగగల గరిష్ఠమైన 3500 కిలోల కారవాన్‌ను తగిలిస్తే, వెనకనున్న తగులు బంతి మీద అది 350 కిలోల వరకు మోపవచ్చు. ఈ బరువు కారవాన్‌ది ఐనా మోసేది బండి కనుక బండి లెక్కలోనే పడుతుంది. ఇక మిగిలింది 50 కిలోలు. అందులో 125 కిలోల ట్యాంకు ఎట్లా ఇముడుతుంది? పెట్టెలు, పనిముట్లు, వంటసామాను ఇంకా ఎక్కించనే లేదు.

మరొక చిన్న వింత కూడా ఉన్నది. బండి, కారవాన్ కలిసి తూగదగిన గరిష్ఠం 6750 కిలోలు. బండి తన పూర్తి 3280 తూగితే కారవాన్‌కు మిగిలేది 3470 మాత్రమే. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించే 3500కూ, పూర్తిగా నింపిన బండికీ పొత్తు కుదరదన్నమాట. ఒక్కొక్క అంకె విడిగా నిజమే, అన్నీ ఒకేసారి నిజం కావు. అంకెలు చదవటంలో విద్యార్థులకు ఇంతకన్న మంచి పాఠం అరుదు.

బరువు ఎంత అన్నది సగం ప్రశ్న. ఎక్కడ అన్నది తక్కిన సగం. బండి ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.85 మీటర్లు. తగులు బంతి వెనక ఇరుసుకు సుమారు 1.25 మీటర్లు వెనకగా ఉంటుందనుకుందాం. వెనక ఇరుసును ఆనికగా తీసుకుంటే బండి ఒక తులాదండం. బంతి మీది 350 కిలోలు ముందు ఇరుసును 350 × 1.25 ÷ 2.85, అనగా దాదాపు 154 కిలోల మేరకు పైకి లేపుతుంది. ఆ 154 కూడా వెనక ఇరుసు మీదకే వచ్చి చేరుతుంది. కనుక 350 కిలోలు మోపితే వెనక ఇరుసుకు పెరిగేది 504 కిలోలు. ట్యాంకు భాగం ఇరుసుకు 0.7 మీటరు వెనక ఉంటే, దాని 125 కిలోల వల్ల ముందు మరో 31 తగ్గి, వెనక 156 పెరుగుతుంది. రెండూ కలిపి వెనక ఇరుసు మీద 660 కిలోలు పెరిగినవి, ముందు ఇరుసు నుంచి 185 కిలోలు పోయినవి. బండిని మలిపేవి ముందు చక్రాలు. బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పట్టేవీ అవే. వెనక బరువెక్కువైన ఎడ్లబండిలో కాడి పైకి లేచి ఎద్దుల మెడపట్టెడలు బిగుసుకోవడం చూసినవారికి ఈ సూత్రం కొత్తది కాదు.

కొన్ని ఏర్పాట్లలో ట్యాంకుకు చోటు కోసం బండి అడుగునున్న విడి చక్రాన్ని తీసి వెనక తలుపు బయట, ఇరుసుకు మరింత దూరంగా తగిలిస్తారు. దానివల్ల భ్రామకం ఇంకా పెరుగుతుంది. వెనక భాగం బరువెక్కి, ముందు తేలికైన బండికి వెనక కారవాన్ అటూ ఇటూ ఊగటం మొదలుపెడితే అదుపు చేయటం కష్టం. బలమైన స్ప్రింగులు వేయించి, బండికి అనుమతించిన బరువును చట్టబద్ధంగా పెంచుకొనే వీలు అక్కడ ఉన్నది. అది అవసరమైన పనే కావచ్చు. ఐనా స్ప్రింగు బిగించినంత మాత్రాన తులాదండపు చేతుల పొడవు మారదు.

బరువు పెరిగితే ఇంధనం ఖర్చు కూడా పెరుగుతుందన్న విమర్శ ఒకటి తరచు వినవస్తుంది. తారురోడ్డు మీద ఇది చాలా బలహీనమైన విమర్శ. మొత్తం 6500 కిలోల బండి, కారవాన్‌ల మీద దొర్లుడు ఘర్షణ గుణకం 0.012 అనుకుంటే ఘర్షణబలం సుమారు 760 న్యూటన్లు. అదనపు 125 కిలోలు దీనికి చేర్చేది 15 న్యూటన్ల లోపే. అసలు శత్రువు గాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు కారవాన్ ఎత్తయిన ముఖం మీద గాలి నిరోధం ఇంచుమించు 1670 న్యూటన్లు ఉండవచ్చునని అంచనా కట్టవచ్చు. రెండూ కలిపి 2430 న్యూటన్లు. 100 కిలోమీటర్లకు చేయవలసిన పని 243 మెగాజౌళ్లు. లీటరు డీసెలులో ఉన్న 36 మెగాజౌళ్లలో చక్రాలకు చేరేది సుమారు 12. కనుక ఖర్చు 20 లీటర్లు. ఇప్పుడు వేగాన్ని 80కి తగ్గిద్దాం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక 1670 న్యూటన్లు 1070 అవుతుంది. ఖర్చు 15 లీటర్ల పైచిలుకుకు దిగుతుంది. పాత 110 లీటర్లతోనే 550 బదులు సుమారు 720 కిలోమీటర్లు పోవచ్చు. ఒక చుక్క డీసెలు అదనంగా మోయకుండా, ఒక బోల్టు బిగించకుండా, 170 కిలోమీటర్లు! 550 కిలోమీటర్లకు గంటన్నర లోపు ఆలస్యమవుతుంది. అంతే.

మెత్తని ఇసుకలో లెక్క వేరు. అక్కడ చక్రం దిగబడి ఘర్షణ గుణకం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ప్రతి కిలో బరువూ ఇంధనం అడుగుతుంది.

ఇంతకూ ఈ 1150 కిలోమీటర్ల దూరం కారవాన్‌కు ఎక్కడ అవసరమవుతుంది? ఖండానికి దక్షిణాన నలార్బర్ మైదానం మీదుగా సాగే ఐర్ రహదారి పేరు వింటేనే చాలామంది ట్యాంకు గురించి ఆలోచిస్తారు. అక్కడ బాలడోనియాకూ కైగూనాకూ మధ్య 182 కిలోమీటర్లు ఇంధనం దొరకదు. ఆ దారిలో పెద్ద ఎడాల్లో అదొకటి. మామూలు ట్యాంకు దానికి మూడింతలు సరిపోతుంది. ఇక కానింగ్ బాట, సింప్సన్ ఎడారి వంటి చోట్ల నిజంగా దూరాలు భయంకరమైనవే. కాని వరుసగా వందలాది ఇసుకతిన్నెలున్న ఆ దారుల్లోకి మూడు టన్నుల కారవాన్‌ను లాక్కుపోవటం సాహసం కూడా కాదు, అవివేకం. కారవాన్ పోదగిన దారిలో పెద్ద ట్యాంకు అక్కరలేదు. పెద్ద ట్యాంకు కావలసిన దారిలో కారవాన్‌కు చోటు లేదు. ఊరి బయట ధర ఎక్కువ గనుక చౌకగా దొరికినచోట నింపుకుంటామనే వాదం ఒకటి ఉన్నది. అది డబ్బుకు సంబంధించినది. దానిని భద్రత పేరుతో చెప్పరాదు.

మినహాయింపులు లేకపోలేదు. ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి వాయవ్యంగా హాల్స్ క్రీక్ పోయే తనామీ బాట అట్టిది. మధ్యలో రాబిట్ ఫ్లాట్ వద్ద ఉన్న ఇంధనపు మజిలీ 2010 చివరలో మూతపడింది. ఆ తరువాత యుయెండుము నుంచి బిల్లిలూనా దాకా 550 కిలోమీటర్లకు పైగా ఎడం ఏర్పడింది. కంకరబాట మీద కారవాన్‌తో 100 కిలోమీటర్లకు 25 లీటర్లు ఖర్చయితే 140 లీటర్ల దాకా కావాలి. 110 చాలదు. ఐతే చాలనిది 30 లీటర్లు, జాగ్రత్తకు మరో 30. అందుకు మూడు 20 లీటర్ల జెర్రీడబ్బాలు సరిపోతాయి.

ఈ డబ్బాకు గౌరవప్రదమైన చరిత్రే ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో ఉత్తరాఫ్రికా ఎడారిలో బ్రిటిషు సేనలు పల్చని రేకుడబ్బాల్లో పెట్రోలు మోసేవి. అతుకులు విడిపోయి దారిలోనే ఎంతో పెట్రోలు కారిపోయేది. జర్మనులు 1930ల చివరలో రూపొందించిన ఉక్కుడబ్బా చేజిక్కాక బ్రిటిషువారు దానిని వాడి, తామూ అట్టివే తయారు చేసుకున్నారు. అందుకే జర్మనులకు పెట్టిన ఎగతాళి పేరైన 'జెర్రీ' దానికి అంటుకున్నది.

డబ్బాలు బండి పైకప్పు మీద పెడితే గురుత్వకేంద్రం పైకి జరుగుతుంది. పెట్రోలైతే మనుషులు కూర్చునే చోట పెట్టడం ప్రమాదం. డీసెలు అంత తేలికగా ఆవిరి కాదు గాని దాని వాసన సుఖమైనది కాదు. వెనక ఇరుసుకు ముందు, నేలకు దగ్గరగా చోటు చూసుకోవటం మంచిది. యుయెండుములో నింపుకొని, సగం దారిలో బండి ట్యాంకులోకి వంపేసుకుంటే ఆ తరువాత మిగిలేది ఖాళీ డబ్బాల బరువే.

ఇక నీటి సంగతి. మనిషికి రోజుకు కనీసం 5 లీటర్లనుకుంటే నలుగురికి 5 రోజుల అత్యవసర నిలవ 100 లీటర్లు. బరువు 100 కిలోలు. అదనపు ట్యాంకులో పోసే డీసెలు బరువు కూడా అంతే. మోతసామర్థ్యంలో మిగిలిన ఆ కొద్ది కిలోలను డీసెలుకు ఇచ్చివేసినవాడు నీటిని ఎక్కడ పెడతాడు? కారవాన్‌లో అన్న జవాబు తరచు వస్తుంది. కాని బండి ఇసుకలో కూరుకుపోయినప్పుడో, బాట చెడిపోయినప్పుడో మొదట విప్పి వదిలి ముందుకు పోయేది కారవాన్‌నే. ట్యాంకు అమ్మే దుకాణంలో ఇంధనం లీటర్ల లెక్క చెప్పినవారిని ఈ రెండో లెక్క కూడా అడగాలి. బయలుదేరే ముందు నీళ్లు, మనుషులు, సామాను అన్నీ ఎక్కించిన బండిని కారవాన్ తగిలించి కాటా మీదకు ఎక్కించి, ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ వేరువేరుగా తూచుకొని, ఆ అంకెలను బండి తలుపు పక్కనున్న రేకు మీది అంకెలతో పోల్చి చూడాలి.